ఇంట్లో ఒకరికి హెపటైటిస్ బి తేలితే: కుటుంబ పటం గీసి రిపోర్టులు చదువుకునే పద్ధతి

మా పెద్దమామయ్య ఒడిశాలోని పర్లాకిమిడిలో ఒక శిబిరంలో రక్తదానం చేసిన కొద్ది రోజులకు రక్తనిధి వారు ఫోను చేసి, ఒకసారి వచ్చి కలవమన్నారు. దానం చేసిన ప్రతి సీసా రక్తాన్నీ హెపటైటిస్ బి, సి వైరస్‌లకు పరీక్షించడం మన దేశంలో తప్పనిసరి కాబట్టి, 56 ఏళ్లు వచ్చేవరకు ఒక్కరోజైనా కామెర్లు ఎరుగని మనిషి ఒంట్లో బి వైరస్ ఉన్నట్టు ఆ విధంగా బయటపడింది. నెల తిరక్కుండా మా పెద్దమ్మకూ, అమ్మమ్మకూ ఉందని తేలింది. ఆ మీదట ఇంట్లో మాటలు రెండు దారులు పట్టాయి. మావాళ్లు "ఇది వంశంలోనే ఉంది" అన్నారు. మేనరికాలు ఎరుగని పక్కింటి ఒడియా వాళ్లు, మన మేనరికాల వల్లే వచ్చి ఉంటుందన్నారు. రాయగడలో రక్తపరీక్షల గదిలో పనిచేసే నన్ను ఈ రెండింటిలో ఏది నిజమని అడిగారు. రెండూ నిజం కావు, అయితే రెండింటిలోనూ కొంత ఆలోచించవలసిన విషయం ఉంది. ఆ రోజుల్లో మా కుటుంబం కోసం ఒక నోటుపుస్తకంలో నేను గీసుకున్న పటాన్నే ఇక్కడ ఒక పద్ధతిగా వివరిస్తున్నాను.

ముందుగా ఒక విషయం స్పష్టంగా పెట్టుకోవాలి. హెపటైటిస్ బి, సి వైరస్‌లు తల్లిదండ్రుల జన్యువులతో రావు. బి వైరస్ కాన్పు సమయంలో తల్లి నుంచి బిడ్డకు, రక్తం ద్వారా, సరిగా శుభ్రం చేయని సూదుల ద్వారా, లైంగిక సంబంధం ద్వారా వస్తుంది. పచ్చబొట్టు సూదులు, మంగలి కత్తి, ఇంట్లో ఒకరిది ఒకరు వాడుకునే బ్లేడు కూడా ఆ లెక్కలోకే వస్తాయి. సి వైరస్ ప్రధానంగా రక్తం ద్వారానే వ్యాపిస్తుంది. వచ్చిన వైరస్‌ను శరీరం ఆరు నెలల్లో తరిమేస్తుందా లేక అది కాలేయంలో ఏళ్ల తరబడి తిష్ఠ వేస్తుందా, వేస్తే ఎంత వేగంగా కాలేయాన్ని చెడగొడుతుంది అన్న రెండో దశలో మాత్రం మనిషి జన్యువులకు, ఆడా మగా అన్న తేడాకు, అన్నిటికంటే ఎక్కువగా వైరస్ సోకిన వయసుకు పాత్ర ఉంది. నీళ్ల ద్వారా వచ్చే ఎ, ఇ రకాలు సాధారణంగా దీర్ఘకాలం ఉండవు కనుక వాటిని ఈ వ్యాసంలో పక్కన పెడుతున్నాను. కామెర్లకు పసరు పోయించుకుని, చేతికి వాత పెట్టించుకుని బాగుపడ్డామని చెప్పేవారిలో చాలామందికి వచ్చినది ఆ ఎ లేదా ఇ రకమే, అది తనంత తాను తగ్గిపోతుంది. బి, సి రకాలు ఏళ్ల తరబడి ఉన్నవారికి కళ్లు పచ్చబడటం చివరి దశ వరకు కనిపించకపోవచ్చు కాబట్టి, కామెర్లు లేవన్న ధైర్యం ఇక్కడ పనికిరాదు.

పటం గీయడం

ఒక పెద్ద కాగితం అడ్డంగా పెట్టుకుని, మగవారికి చతురస్రం, ఆడవారికి వృత్తం గీయండి. పైవరుసలో అమ్మమ్మ, తాతయ్య, వారి కింద పిల్లలు పుట్టిన వరుసలోనే ఎడమ నుంచి కుడికి, వారి కింద మనవలు. పుట్టిన వరుస తప్పకూడదు, దాని ప్రయోజనం కాసేపట్లో తెలుస్తుంది. ప్రతి గుర్తు పక్కన పుట్టిన సంవత్సరం, ఎప్పుడైనా రక్తం ఎక్కించుకున్నారా, సారా లేదా కల్లు అలవాటు ఉందా, ఆడవారైతే ముట్లు ఆగిన వయసు, ఎవరైనా కాలేయ క్యాన్సర్‌తోగాని పొట్టలో నీరు చేరిగాని పోయారా అన్నవి రాయండి. "కడుపు ఉబ్బి పోయాడు" అని పెద్దలు ఒక్క ముక్కలో చెప్పి వదిలేసే మరణాలను విడిచిపెట్టకండి.

తరువాత పరీక్షలు. ఒక్క హెచ్‌బీఎస్‌ఏజీ, అంటే బి వైరస్ పైపొర ప్రోటీన్‌ను వెతికే కార్డు పరీక్ష, చేయించి ఊరుకునే అలవాటు మన వైపు ఎక్కువగా ఉంది. దానితో ఇప్పుడు వైరస్ ఉందో లేదో తెలుస్తుంది గాని, ఒకప్పుడు వచ్చి పోయిందో లేదో తెలియదు. అందుకని ఇంట్లో ప్రతి ఒక్కరికీ మూడు పరీక్షలు అడగాలి: హెచ్‌బీఎస్‌ఏజీ, యాంటీ హెచ్‌బీసీ టోటల్ (వైరస్ ఎప్పుడైనా సోకి ఉంటే కనిపించే యాంటీబాడీ), యాంటీ హెచ్‌బీఎస్ (వైరస్ నుంచి కాపాడే యాంటీబాడీ). మొదటిది పాజిటివ్‌గా ఆరు నెలలు దాటి ఉంటే దీర్ఘకాలిక వ్యాధి అని అర్థం. మొదటిది నెగటివ్, మిగిలిన రెండూ పాజిటివ్ అయితే ఆ మనిషికి వైరస్ సోకి, శరీరమే దాన్ని అదుపులోకి తెచ్చుకుంది. మూడోది ఒక్కటే పాజిటివ్ అయితే అది టీకా వల్ల వచ్చిన రక్షణ. మూడూ నెగటివ్ అయితే టీకా వేయించాలి. సి వైరస్‌కు యాంటీ హెచ్‌సీవీ చేయించి, అది పాజిటివ్ అయితే వైరస్‌నే నేరుగా వెతికే ఆర్‌ఎన్‌ఏ పరీక్షతో నిర్ధారించుకోవాలి, ఎందుకంటే వైరస్ పోయిన తరువాత కూడా ఆ యాంటీబాడీ రక్తంలో మిగిలే ఉంటుంది.

మా పటంలో రెండో వరుస ఈ విధంగా వచ్చింది. పెద్దమ్మకు 59 ఏళ్లు, పాజిటివ్. పెద్దమామయ్యకు 56, పాజిటివ్. మా అమ్మకు 53, వైరస్ లేదు గాని ఒకప్పుడు వచ్చి పోయిన ఆనవాళ్లు ఉన్నాయి. చిన్నమామయ్యకు 47, మూడు పరీక్షలూ నెగటివ్. ఒకే తల్లి కడుపున పుట్టి, ఒకే కంచాల్లో తిని పెరిగిన నలుగురికి మూడు రకాల ఫలితాలు వచ్చాయి.

ఈ తేడాను ఎలా చదవాలి

ముందు వయసును చూడాలి. బి వైరస్ పుట్టినప్పుడే సోకిన పిల్లల్లో సుమారు 90 శాతం మందిలో అది జీవితాంతం ఉండిపోతుంది. ఆ తరువాత అయిదేళ్ల లోపు సోకితే అలా ఉండిపోయేది 20 నుంచి 50 శాతం మందిలో. పెద్దయ్యాక సోకితే అది 5 శాతం లోపే. సి వైరస్‌ది వేరే స్వభావం: పెద్దవారికి సోకినా సుమారు 70 శాతం మందిలో నిలిచిపోతుంది. ఇప్పుడు పుట్టిన వరుస ఎందుకు అవసరమో చూడండి. మా ఇంట్లో పెద్దవాళ్లిద్దరికీ ఉంది, చివరివాడికి లేదు. తల్లి చిన్న వయసులో వైరస్ రక్తంలో విపరీతంగా ఉండి, ఏళ్లు గడిచే కొద్దీ తగ్గడం ఈ వ్యాధిలో సాధారణం కనుక, మొదటి కాన్పుల బిడ్డలకు సోకే అవకాశం ఎక్కువ, ఆఖరి బిడ్డకు తక్కువ. పటంలో ఒక తల్లి బిడ్డల్లో ఎడమవైపు పాజిటివ్‌లు, కుడివైపు నెగటివ్‌లు కనబడితే మొదట ఈ కారణాన్ని అనుమానించాలి. చూడటానికి వంశపారంపర్యంలాగే కనిపిస్తుంది గాని, ఇందులో జన్యువు ప్రమేయం లేకపోవచ్చు.

జన్యువుల సంగతి మా అమ్మ గడిలో వస్తుంది. రోగనిరోధక కణాలకు వైరస్ ముక్కలను ఎత్తి చూపించే హెచ్‌ఎల్‌ఏ అనే అణువులు మనందరిలోనూ ఉన్నాయి. వాటి జన్యువులు ఆరో క్రోమోజోము మీద గుంపుగా ఉంటాయి, మనిషికీ మనిషికీ చాలా తేడాగా ఉంటాయి. 1995లో గాంబియాలో జరిగిన అధ్యయనంలో హెచ్‌ఎల్‌ఏ డీఆర్‌బీ1 లోని 1302 అనే రకం ఉన్నవారు బి వైరస్‌ను తరిమేయగలిగే అవకాశం ఎక్కువని తేలింది. 2009లో జపాన్ పరిశోధకులు హెచ్‌ఎల్‌ఏ డీపీ జన్యువుల్లో ఇలాంటి తేడాలనే చూపించారు. తల్లి నుంచి ఒక సగం, తండ్రి నుంచి ఒక సగం వస్తాయి కాబట్టి, తోబుట్టువులిద్దరికీ ఈ గుంపు అచ్చంగా ఒకేలా ఉండే అవకాశం నాలుగింట ఒకటే. ఒకే ఇంట్లో ఒకరు వైరస్‌ను వదిలించుకుని మరొకరు వదిలించుకోలేకపోవడానికి ఇదొక కారణం కావచ్చు. మా అమ్మ విషయంలో ఆమె హెచ్‌ఎల్‌ఏ రకమే కారణమో, సోకిన వయసు కారణమో ఏ రిపోర్టూ తేల్చి చెప్పదు.

సి వైరస్‌కు సంబంధించి ఇంకా బలమైన ఆధారం ఉంది. 2009లో పందొమ్మిదో క్రోమోజోము మీద ఐఎల్28బి జన్యువు దగ్గర ఒక్క అక్షరం తేడా కనుగొన్నారు. అక్కడ రెండు ప్రతుల్లోనూ సి అక్షరం ఉన్నవారు మందు లేకుండానే సి వైరస్‌ను వదిలించుకునే అవకాశం ఎక్కువ, పాత ఇంటర్‌ఫెరాన్ సూదులు వారికి బాగా పనిచేసేవి. అయితే నేటి సోఫోస్‌బువిర్, డక్లాటాస్‌విర్ బిళ్లలు 12 వారాల్లో 95 శాతం పైగా రోగులకు నయం చేస్తున్నందున, ఈ జన్యువు ఏ రకమైనదైనా చికిత్స మారదు. కనుక జన్యుపరీక్షల ప్యాకేజీ చేయించుకోమని ఎవరైనా సలహా ఇస్తే, ఆ డబ్బు ఇంట్లో అందరి హెచ్‌బీఎస్‌ఏజీకి, పాజిటివ్ వచ్చినవారి వైరల్ లోడ్‌కు (రక్తంలో వైరస్ ఎంత ఉందో కొలిచే పరీక్షకు) ఖర్చు పెట్టుకోవడం మేలని నా అభిప్రాయం.

ఆడవారి రిపోర్టు, మగవారి రిపోర్టు

దీర్ఘకాలిక హెపటైటిస్‌లో కాలేయం గట్టిపడటం, క్యాన్సర్ రావడం మగవారిలో ఎక్కువ. కాలేయ క్యాన్సర్ స్త్రీల కంటే పురుషుల్లో రెండు నుంచి నాలుగు రెట్లు ఎక్కువగా కనిపిస్తుంది. తాగుడు, పొగాకు కొంత కారణమే గాని అదే మొత్తం కారణం కాదు. పురుష హార్మోనును అందుకునే ప్రోటీన్, అంటే దాని గ్రాహకం, బి వైరస్ డీఎన్‌ఏ మీదే ఒకచోట అతుక్కుని, వైరస్ తనను తాను ప్రతులు తీసుకునే పనిని పెంచుతుంది. స్త్రీ హార్మోను ఈస్ట్రోజెన్ గ్రాహకం దానికి విరుద్ధంగా ఆ పనిని తగ్గిస్తుంది. దీనికి తోడు టీఎల్‌ఆర్7 వంటి కొన్ని రోగనిరోధక జన్యువులు ఎక్స్ క్రోమోజోము మీద ఉంటాయి. స్త్రీలకు ఎక్స్‌లు రెండు. వాటిలో ఒకటి చాలావరకు మూగబోయినా, ఈ జన్యువు కొన్ని కణాల్లో రెండింటి నుంచీ పనిచేస్తుంది. సి వైరస్‌ను మందు లేకుండా వదిలించుకునేవారిలో, బి టీకాకు యాంటీబాడీలు బాగా తయారుచేసుకునేవారిలో స్త్రీల పాలు ఎక్కువగా ఉండటానికి ఇటువంటి కారణాలే చెబుతారు. అయితే ముట్లు ఆగిన తరువాత ఆ రక్షణ సన్నగిల్లి, కాలేయం గట్టిపడే వేగం పెరుగుతుంది. పటంలో ఆ వయసు రాయమన్నది ఇందుకే.

ఇదంతా విని, ఆడవారికి ఫరవాలేదులే అనుకుంటే జరిగే పొరపాటు ఏమిటో మా పెద్దమ్మ రిపోర్టు చూపిస్తుంది. కాలేయ కణాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైము ఏఎల్‌టీ, కొన్ని ల్యాబులు దీన్నే ఎస్‌జీపీటీ అని రాస్తాయి. పెద్దమామయ్యకు అది 52 వచ్చింది. ఆ అంకె పక్కన ల్యాబు వారు నల్లటి నక్షత్రం వేశారు, ఆయన కంగారుపడి డాక్టరు దగ్గరకు పరుగెత్తారు. పెద్దమ్మది 28 వచ్చింది. కాగితం మీద "40 వరకు నార్మల్" అని ఆడా మగా అందరికీ కలిపి ఒకే హద్దు అచ్చువేసి ఉన్నందువల్ల ఆమె అంకె పక్కన ఏ గుర్తూ పడలేదు, ఆమె ఆ కాగితాన్ని మడిచి బీరువాలో పెట్టేసుకున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో ఇచ్చిన బి వ్యాధి మార్గదర్శకాల్లో ఏఎల్‌టీ పై హద్దు మగవారికి 30, ఆడవారికి 19 మాత్రమే. అమెరికా కాలేయ నిపుణుల సంఘం హద్దులు 35, 25. ఏ లెక్కన చూసినా పెద్దమ్మ 28 ఎక్కువే. ఈ లెక్క వేసుకుని వైరల్ లోడ్ పరీక్షకు పంపితే మిల్లీలీటరుకు 6,800 యూనిట్లు వచ్చింది. వైరల్ లోడ్ 2,000 దాటి, ఏఎల్‌టీ కూడా హద్దు దాటి ఉంటే మందు మొదలుపెట్టవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు చెబుతున్నాయి. మరో రెండుసార్లు పరీక్ష చేసి, అంకె తగ్గకపోవడంతో విశాఖపట్నంలో డాక్టరుగారు ఆమెకు బి వైరస్‌ను అణచే టెనోఫోవిర్ బిళ్లలు రాశారు. కాబట్టి మీ ఇంట్లో ఏ ఆడమనిషి రిపోర్టు చేతికి వచ్చినా, అచ్చువేసిన హద్దును కొట్టేసి పక్కన 19 అని పెన్నుతో రాసుకుని చదవండి.

కాలేయం ఎంత గట్టిపడిందో ఒక మోస్తరుగా తెలుసుకునే లెక్క ఇంట్లోనే వేయవచ్చు. దీన్ని ఏప్రి అంటారు. ఏఎల్‌టీ లాంటిదే మరో ఎంజైము అయిన ఏఎస్‌టీ అంకెను ఆ ల్యాబు పై హద్దుతో భాగించి, నూరుతో గుణించి, వచ్చినదాన్ని వేలల్లో చూపిన ప్లేట్‌లెట్ల సంఖ్యతో భాగించాలి. పెద్దమామయ్యకు ఏఎస్‌టీ 48, హద్దు 40, ప్లేట్‌లెట్లు లక్షా అరవై వేలు. 48ని 40తో భాగిస్తే 1.2, నూరుతో గుణిస్తే 120, 160తో భాగిస్తే 0.75. పెద్దవారిలో 0.5 దాటితే కాలేయం చెప్పుకోదగ్గంత గట్టిపడి ఉండవచ్చని లెక్క. పెద్దమ్మకు ఇదే లెక్క 0.34 వచ్చింది. ఇద్దరికీ వైరస్ ఒకే తల్లి నుంచి వచ్చి ఉండాలి, వయసులో పెద్దది పెద్దమ్మే, అయినా ముందు దెబ్బతిన్నది మామయ్య కాలేయం. ఆయనకు సాయంత్రం పూట ఇప్పసారా అలవాటు ఉందని కూడా ఇక్కడ చెప్పాలి. ఈ ఇద్దరి మధ్య తేడాలో మగవాడైనందుకు ఎంత, సారాకు ఎంత అని విడదీయడం ఎవరివల్లా కాదు, మానగలిగేది సారా ఒక్కటే గనుక దాన్ని మాన్పించాం. కొండ ఊళ్లలో జీలుగు కల్లు, సారా ఆడవారూ తాగుతారు. మగవారికంటే తక్కువ మోతాదుకే ఆడవారి కాలేయం చెడుతుందని వారికి వేరుగా చెప్పాలి.

క్యాన్సర్ కోసం ఆరు నెలలకు ఒకసారి కడుపు స్కానింగ్ ఎవరికి అవసరమో కూడా ఆడా మగా తేడాతోనే నిర్ణయిస్తారు. బి వైరస్ ఉన్న ఆసియా పురుషులకు 40 ఏళ్లు దాటాక, స్త్రీలకు 50 దాటాక మొదలుపెట్టాలి. కాలేయం పూర్తిగా గట్టిపడిన సిరోసిస్ ఉన్నా, తల్లిదండ్రుల్లోగాని తోబుట్టువుల్లోగాని ఎవరికైనా కాలేయ క్యాన్సర్ వచ్చి ఉన్నా ఆ వయసు దాకా ఆగకూడదు.

మేనరికం సంగతి

మా పెద్దమ్మ కొడుకుకు పెద్దమామయ్య కూతురిని ఇచ్చారు. పక్కింటివారు వేలెత్తి చూపింది ఈ పెళ్లినే. పెద్దమ్మ కొడుకుకు వైరస్ ఉంది, అది తల్లి నుంచి వచ్చింది. అతని భార్యకు తండ్రి పాజిటివ్ అయినా వైరస్ సోకలేదు, వెంటనే సున్నా, ఒకటి, ఆరు నెలల్లో మూడు డోసుల టీకా వేయించాం. చివరి డోసు తరువాత నెల నుంచి రెండు నెలల మధ్య యాంటీ హెచ్‌బీఎస్ పరీక్ష చేసి, అంకె 10 దాటిందని చూసుకున్నాం. సుమారు 5 నుంచి 10 శాతం పెద్దవారిలో టీకా పట్టదు. మగవారిలో, వయసు మళ్లినవారిలో, ఊబకాయం ఉన్నవారిలో, పొగతాగేవారిలో, కొన్ని హెచ్‌ఎల్‌ఏ రకాలు ఉన్నవారిలో ఇది ఎక్కువ. చిన్నమామయ్యకు మొదటి మూడు డోసులు పట్టలేదు, రెండోసారి మళ్లీ మూడు వేయించాక పట్టాయి. భార్యకో భర్తకో వైరస్ ఉన్నప్పుడు ఈ చివరి పరీక్ష మానకూడదు.

మేనరికం వైరస్‌ను తేదు, పెంచదు. అది నిజంగా ముఖ్యమయ్యే సందర్భం వేరే ఉంది. పడుచు వయసులో కాలేయం చెడి, బి, సి పరీక్షలు రెండూ నెగటివ్ వస్తే, తల్లిదండ్రులది మేనరికం అయినప్పుడు విల్సన్ వ్యాధిని తప్పకుండా అనుమానించాలి. కాలేయంలో రాగి పేరుకుపోయే ఈ వ్యాధి రావాలంటే చెడిన జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు ప్రతులూ రావాలి. రక్తంలో రాగిని మోసే ప్రోటీన్‌ను కొలిచే సెరులోప్లాస్మిన్ పరీక్ష, కంట్లో రాగి వలయం ఉందేమో చూసే కళ్ల డాక్టరు పరీక్ష అడగాలి. అలాగే కోరాపుట్, రాయగడ వైపు సికిల్‌సెల్ ఉన్నవారికి ఎర్ర రక్తకణాలు విరిగి కళ్లు పచ్చబడుతుంటాయి. దాన్ని చూసి హెపటైటిస్ అనుకోకూడదు. అయితే పలుమార్లు రక్తం ఎక్కించుకున్నవారైతే సి పరీక్ష తప్పనిసరి, 1989కి ముందు ఆ వైరస్‌నే గుర్తించలేదు, దేశంలో ప్రతి సీసాకూ పరీక్ష తప్పనిసరి కావడానికి ఇంకా ఏళ్లు పట్టింది.

కాన్పుకు సరిహద్దు దాటేటప్పుడు

పెద్దమ్మ ఇల్లు ఆంధ్రప్రదేశ్‌లోని పార్వతీపురంలో, ఆమె కూతురి అత్తవారిల్లు ఒడిశాలోని రాయగడలో. కూతురికి కూడా వైరస్ ఉంది. తొలి కాన్పుకు పుట్టింటికి వెళ్లినప్పుడు, ఇక్కడ ఇచ్చిన తల్లీబిడ్డల కార్డులో హెచ్‌బీఎస్‌ఏజీ పాజిటివ్ అన్న మాట ఒడియా లిపిలో చేతిరాతతో ఉంది. అక్కడి ఆసుపత్రిలో ఆ లిపి చదవగలిగినవారు లేరు, మావాళ్లు నోరు విప్పి చెప్పలేదు. బిడ్డకు 24 గంటల్లో పడవలసిన టీకా రెండో రోజు సాయంత్రం పడింది, 12 గంటల్లో వేయవలసిన ఇమ్యునోగ్లోబులిన్ (సిద్ధంగా ఉన్న యాంటీబాడీల సూది) అసలు పడనే లేదు. ఆ తరువాత 6, 10, 14 వారాల టీకాలు తప్పకుండా వేయించి, తొమ్మిది నెలలు నిండాక బిడ్డకు పరీక్ష చేయిస్తే నెగటివ్ వచ్చింది. ఆ తొమ్మిది నెలలూ పెద్దమ్మ ఇంట్లో ఎవరికీ సరిగ్గా నిద్ర లేదు.

కనుక కాన్పుకు ఏ రాష్ట్రం దాటుతున్నా, హెచ్‌బీఎస్‌ఏజీ ఫలితాన్ని ఇంగ్లీషు అక్షరాల్లో ఎర్ర సిరాతో కార్డు అట్ట మీద రాయించుకోండి, నొప్పులతో ఆసుపత్రికి చేరగానే నర్సుకు మొదట ఆ మాటే చెప్పండి. గర్భిణి వైరల్ లోడ్ రెండు లక్షలు దాటి ఉంటే, బిడ్డకు సోకకుండా గర్భం మధ్య నెలల నుంచే టెనోఫోవిర్ వాడతారు. తల్లి పాలు ఇవ్వవచ్చు. కాన్పయిన కొన్ని నెలల్లో రోగనిరోధక శక్తి తిరిగి పుంజుకుని తల్లి ఏఎల్‌టీ ఒక్కసారిగా పెరగవచ్చు కాబట్టి, బాలింత పరీక్షను బిడ్డ టీకా రోజులతో జతపరచి రాసుకుంటే మరిచిపోరు.

2018 జూలై 28న కేంద్రం మొదలుపెట్టిన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద పరీక్షలు, మందులు ఉచితం. మందు ఒక రాష్ట్రంలో, ఇల్లు మరో రాష్ట్రంలో ఉన్నవారికి నెల మందులు అందక మధ్యలో ఆగిపోవడం నేను చాలాసార్లు చూశాను. టెనోఫోవిర్ అలా సొంతంగా ఆపితే వైరస్ మళ్లీ విజృంభించి కాలేయం ఒక్కసారిగా దెబ్బతినవచ్చు. అందుకని ఒకే చోట పేరు నమోదు చేయించుకుని, డబ్బాలో పదిహేను బిళ్లలు మిగిలిన రోజును క్యాలెండరులో గుర్తు పెట్టుకోండి. మా పెద్దమ్మ ఆ రోజున రాయగడ రైలెక్కి మా ఇంటికి వస్తుంది, ఇద్దరం కలిసి మందు తెచ్చుకుంటాం, కొత్త అంకెలు వచ్చి ఉంటే పటంలో ఆమె వృత్తం పక్కన రాస్తాను.